నాయాబా, హాలతా? నెల్లూరు సిక్కాలు చెప్పే తారీఖు



పాత సిక్కాల గురించి రాయమని చాలా రోజులుగా అడుగుతున్నారు. అడిగే తీరు వేరైనా సవాల్ మాత్రం ఒకటే. "భాయ్, మా దాదీమా సందూకులో పాత సిక్కాలు దొరికాయి. వాటి ఖీమత్ ఎంత?" జవాబు చెప్పాలంటే రెండు సంగతులు చూడాలి. ఒకటి, ఆ సిక్కా ఎంత నాయాబ్, అంటే ఎంత అరుదు. రెండు, అది ఏ హాలత్‌లో ఉంది. రెండూ బాగుంటే ఏ తకరారూ లేదు. నాయాబ్ సిక్కా అరిగిపోయి ఉండి, పక్కనే మామూలు సిక్కా తళతళలాడుతూ ఉన్నప్పుడే అసలు చిక్కు. దేన్ని పట్టుకోవాలి, దేన్ని వదలాలి?

సిక్కాలు జమా చేసే షౌక్ ఉన్నవాళ్ళు దునియా అంతటా దీని మీద బహస్ చేస్తూనే ఉంటారు. ఆ బహస్‌కు కావలసిన మిసాల్ మాత్రం మన నెల్లూరు మట్టిలోనే దొరికింది. అదీ సుమారు 240 ఏళ్ళ కిందట.

నాగలికి తగిలిన ఖజానా

1786 ప్రాంతం. నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలి ఇటుకల కట్టడానికి తగిలి ఆగిపోయింది. తవ్వి చూస్తే పాత చిన్న గుడి శిథిలాలు. వాటి కింద ఒక చిన్న కుండ. కుండ నిండా బంగారు సిక్కాలు, అవీ రోమ్ బాదుషాలవి! ట్రాజన్, హేడ్రియన్, ఫౌస్టీనా రాణి ముఖాలున్న రెండో శతాబ్దపు సిక్కాలు. ట్రాజన్ క్రీ.శ. 98 నుంచి 117 దాకా, హేడ్రియన్ 117 నుంచి 138 దాకా పాలించారు. అంటే మన రైతు చేతికి వచ్చేసరికి వాటి వయసు పదహారు వందల ఏళ్ళు దాటింది.

పాపం, ఆ రైతుకు అవి పాత బంగారం ముక్కలు మాత్రమే. బంగారం ధరకే అమ్మడం మొదలుపెట్టాడు. చాలా సిక్కాలు కొలిమిలో కరిగిపోయాయి. అప్పట్లో నెల్లూరు సీమ కర్ణాటక నవాబు ముహమ్మద్ అలీ వాలాజా రాజ్యంలో ఉండేది. ఆయన కొడుకు నవాబ్ అమీర్-ఉల్-ఉమరా కబురు తెలుసుకుని, మిగిలిన వాటిలో ముప్పైకి పైగా సిక్కాలు సంపాదించారు. లేకపోతే ఈ ఖిస్సా మనదాకా వచ్చేదే కాదు.

కొన్నాళ్ళు మద్రాసు గవర్నర్‌గా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్‌కు వీటిలోంచి రెండు సిక్కాలు ఏరుకునే అవకాశం దొరికింది. ఆయన ఒక హేడ్రియన్‌ను, ఒక ఫౌస్టీనాను తీసుకున్నారు. 1787లో ఆయన రాసిన ఉత్తరం, కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వారి 'ఏషియాటిక్ రీసెర్చెస్' రెండో సంపుటంలో అచ్చయింది. నెల్లూరు కుండ గురించి మనకు తెలిసిందంతా ఆ ఉత్తరం పుణ్యమే.

ఆ ఉత్తరంలో నన్ను పట్టి ఆపేది సిక్కాల హాలత్ గురించి ఆయన చెప్పిన మాట. అన్నీ మేలిమి బంగారమే. చాలా సిక్కాలు నిన్ననే టంకసాల నుంచి వచ్చినంత కొత్తగా, ఎవరి చేతా చలామణీ కానట్టుగా ఉన్నాయట. మరికొన్ని బాగా అరిగి, చిల్లులు పడి ఉన్నాయట. వాటిని ఎవరో దండకు కట్టుకునో, మెడలో వేసుకునో ఉంటారని ఆయన అంచనా.

ఒకే కుండ. అందులో చెక్కుచెదరని సిక్కాలూ ఉన్నాయి, చిల్లులు పడ్డవీ ఉన్నాయి. ట్రాజన్ సిక్కాల్లో కొన్ని మంచి హాలత్‌లో ఉన్నాయని ఆయనే రాశారు, కానీ ఏరుకున్నది హేడ్రియన్‌నూ ఫౌస్టీనానూ. ఒకే ముఖం రెండుసార్లు కాకుండా రెండు వేరు వేరు ముఖాలు తీసుకున్నారు. ఏరుకునే చేతికి హాలత్ ఒక్కటే లెక్క కాదని ఇక్కడే తెలుస్తోంది.

పాతదైతే నాయాబ్ అయిపోదు

మన ఇళ్ళలో ఉన్న మొదటి గలత్-ఫహమీ ఇది. పాత సిక్కా అయితే చాలు, లక్షలు వస్తాయనుకుంటారు. నాయాబ్ కావడానికీ వయసుకూ నేరుగా సంబంధం లేదు. కాన్‌స్టంటైన్ కాలపు రోమ్ రాగి సిక్కాలు దాదాపు పదిహేడు వందల ఏళ్ళ నాటివి. అయినా దునియాలో వేలకు వేలు ఉన్నాయి కాబట్టి మామూలు రకాలు చవకగానే దొరుకుతాయి.

మన వైపే ఇంకో మిసాల్ ఉంది. మద్రాసు, నెల్లూరు ప్రాంతాల పాత ఖాన్‌దాన్లలో తరచూ కనిపించే వెండి సిక్కా ఆర్కాటు రూపాయి. దాని మీద ఫార్సీలో ఆలంగీర్ బాదుషా పేరు, హిజ్రీ 1172, జులూస్ 6 అని ఉంటుంది. చూడగానే ఔరంగజేబ్ నాటిదనుకుంటారు. ఈయన ఔరంగజేబ్ కాదు, రెండో ఆలంగీర్. 1754లో తఖ్తు ఎక్కి 1759లో కతల్ అయిపోయాడు. కానీ కంపెనీ వాళ్ళు ఆ పేరునూ ఆ సాల్‌నూ మార్చకుండా పదుల ఏళ్ళు అచ్చు గుద్దుతూనే పోయారు. 1807 తర్వాత మద్రాసులో యంత్రాల మీద గుద్దిన రూపాయిల మీద కూడా అదే 1172, అదే 6. బాదుషా ఖబర్‌లోకి వెళ్ళి యాభై ఏళ్ళయినా ఆయన పేరుతో సిక్కా నడిచింది! జనానికి ఆ రూపాయి మీద భరోసా కుదిరింది, దాన్ని కదిలించడం వ్యాపారులకు ఇష్టం లేదు. అంతే సంగతి. కాబట్టి సిక్కా మీది సాల్ చూసి వయసే పక్కాగా చెప్పలేనప్పుడు, నాయాబ్ అని ఎలా చెబుతాం?

రెండో గలత్-ఫహమీ, ఎన్ని అచ్చు వేశారో తెలిస్తే చాలనుకోవడం. ఎన్ని వేశారన్నది ఒక లెక్క, ఎన్ని మిగిలాయన్నది ఇంకో లెక్క. 1911 నాటి ఐదో జార్జి రూపాయి తీసుకోండి. రాజుగారి అంగీ మీద హారంలో ఒక ఏనుగు బొమ్మ ఉంది. అచ్చులో దాని తొండం పొట్టిగా పడి, చూసేవాళ్ళకు పందిలా కనిపించింది. కబురు బజార్లలో పాకిపోయింది. 1857లో కొవ్వు పూసిన తూటాల వల్ల ఏం జరిగిందో సర్కారు మరిచిపోలేదు. బొంబాయి, కలకత్తా టంకసాలల్లో 94 లక్షల రూపాయిలు గుద్దితే, బయటికి వెళ్ళినవి సుమారు 7 లక్షలే. మిగతావి కరిగించేశారు. 1912లో ఏనుగు తొండం స్పష్టంగా కనబడేలా అచ్చు మార్చారు. లోకం దాన్ని 'పంది రూపాయి' అనే పిలుస్తుంది. మన బుజుర్గుల నఫ్రత్ వల్ల కరిగిన సిక్కా ఈనాడు షౌకీన్లు వెతికే సిక్కా అయింది. అయినా 7 లక్షలంటే తక్కువ కాదు. అందుకే ఈ రూపాయిలో అరిగినదానికీ, రాజుగారి కిరీటంలో ప్రతి గీతా కనబడేదానికీ ఖీమత్‌లో జమీన్ ఆస్మాన్ తేడా ఉంటుంది. వెతికితే మళ్ళీ దొరికే సిక్కా విషయంలో హాలతే హకీం.

మూడోది, మన ఇళ్ళలో మహా ముద్దుగా దాచుకునే 786 నోటు. బర్కత్ కోసం దాచుకోండి, ఎవరూ కాదనరు. నాయాబ్ అంటే మాత్రం హిసాబ్ చూద్దాం. నోటు నంబరుకు ఆరు అంకెలు. ప్రతి వెయ్యి నంబర్లకు ఒకటి 786తో ముగుస్తుంది. 786 ఆ ఆరు అంకెల్లో ఎక్కడో ఒక చోట ఉంటే చాలనుకుంటే, ప్రతి పది లక్షలకూ 3,999 నోట్లు వస్తాయి. అంటే వెయ్యికి నాలుగు. ఒక బ్యాంకు కౌంటర్లో రోజంతా నోట్లు లెక్కపెట్టే గుమాస్తా చేతిలో నుంచి ఎన్ని వెళతాయో మీరే ఆలోచించండి. ఇటువంటి నోటు మడతలు లేకుండా కొత్తగా ఉంటేనే దానికి ఎక్కువ పలుకుతుంది.

నాయాబ్ అనేది ఇంకొకరి చేతిలో ఉంటుంది

నహపానుడి వెండి సిక్కాల తారీఖు విన్నప్పటి నుంచి నా లెక్క మారింది. ఈయన పశ్చిమాన పాలించిన శక క్షత్రపుడు. ఒకప్పుడు ఆయన సిక్కాలు చాలా అరుదు. 1906లో నాసిక్ దగ్గర జోగల్తెంబి అనే ఊళ్ళో ఒక దఫీనా బయటపడింది. అందులో 13 వేలకు పైగా ఆయన సిక్కాలే! ఒక్క కుండతో నాయాబ్ అన్న హోదా కొట్టుకుపోయింది.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ఆ 13 వేలలో 9 వేలకు పైగా సిక్కాల మీద మన గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర గుద్దించాడు. నహపానుణ్ణి ఓడించి, అతని సిక్కాలనే మళ్ళీ కొట్టి తన పేరుతో చలామణీలో పెట్టాడు. హాలత్ ఒక్కటే చూసేవాడికి అవి పాడైన సిక్కాలు. ముఖం మీద ఇంకో ముద్ర పడి, కింది అచ్చు చెదిరిపోయింది. తారీఖు చదివేవాడికి మాత్రం అది ఫతేనామా. శాతకర్ణి గెలిచాడని చెప్పడానికి ఆ చెదిరిన ముఖాలకంటే పెద్ద సుబూత్ ఏముంటుంది?

దీని నుంచి నేను నేర్చుకున్న సబఖ్ ఇది. నాయాబ్ అనేది మన చేతిలో లేదు. రేపు ఎక్కడో ఇంకో నాగలికి ఇంకో కుండ తగిలితే మన 'ఒకే ఒక్క' సిక్కా వందల్లో ఒకటైపోతుంది. హాలత్ మాత్రం మన చేతిలో ఉంటుంది. అయితే అది కిందికి దిగడమే గాని పైకి ఎక్కడం ఉండదు. అరిగిన గీతను ఏ కారీగర్ కూడా తిరిగి తేలేడు. తెచ్చానంటే అది ధోకా.

హాలత్ అంటే మెరుపు కాదు

కొత్తగా షౌక్ మొదలైనవాళ్ళు మెరుపును చూసి మోసపోతారు. హాలత్ అంటే అచ్చు పడిన రోజున ఉన్న గీతలూ అక్షరాలూ ఎంత నిలిచాయన్నది.

మొఘల్ సిక్కాలు, ఆర్కాటు రూపాయిలు, నవాబు వాలాజా రాగి కాసులు సుత్తి దెబ్బతో పుట్టినవి. అచ్చు దిమ్మ పెద్దది, వెండి బిళ్ళ చిన్నది. అందుకే పూర్తి ఇబారత్ బిళ్ళ మీద పట్టేది కాదు. ఒక సిక్కా మీద 'ఆర్కాట్' అన్న పేరు పడితే సాల్ జారిపోతుంది, ఇంకోదాని మీద సాల్ పడితే ఊరు జారిపోతుంది. నా ముందు రెండు ఆర్కాటు రూపాయిలు పెట్టి ఒకటి తీసుకోమంటే, తళతళలాడుతూ 'జర్బ్' తర్వాత ఖాళీగా ఉన్నదాన్ని పక్కన పెట్టి, కాస్త అరిగినా 'ఆర్కాట్' అని చదవగలిగేదాన్నే తీసుకుంటాను. ఏ ఊరిదో చెప్పలేని సిక్కా, పేరు చెప్పని మెహమాన్ లాంటిది.

తర్వాత సర్రాఫ్ ముద్రలు. తెలుగులో మనం షరాబు అంటామే, ఆ మాట ఈ సర్రాఫ్ నుంచి వచ్చిందే. వెండి అసలుదో కాదో చూడటానికి షరాబులు రూపాయి మీద చిన్న ముద్రలు కొట్టేవాళ్ళు. ఆ ముద్రలుంటే బజార్లో ఖీమత్ తగ్గుతుంది. కానీ ఒక రూపాయి ఎన్ని చేతులు మారిందో, ఎంతమంది దాన్ని పరీక్షించి నమ్మారో చెప్పేవి ఆ గాట్లే.

రోమ్ సిక్కాల సంగతీ అంతే. 1898లో పుదుక్కోట దగ్గర 501 రోమ్ బంగారు సిక్కాలు దొరికాయి. వాటిలో అత్యధిక భాగం మీద బాదుషా ముఖానికి అడ్డంగా ఉలి గాటు ఉంది. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన 1,531 వెండి దీనారీల్లో కూడా కొన్నిటికి ఇటువంటి గాట్లున్నాయి. రోమ్ బాదుషా చలామణీ ఇక్కడ చెల్లదు, ఇది తూకపు లోహం మాత్రమే అని చెప్పడానికి కొట్టారని ఒక అభిప్రాయం. యూరప్ షౌకీన్‌కు ఆ గాటు ఐబ్. మనకు అది ఈ సిక్కా సముద్రం దాటి మన గడ్డ మీద నడిచిందని చెప్పే దస్తఖత్.

ఇప్పుడు నెల్లూరు కుండలోని చిల్లు సిక్కాల దగ్గరికి వద్దాం. దండకు కట్టుకున్న సిక్కా అనగానే మన ఇళ్ళలో ఎవరికైనా ఏం గుర్తొస్తుంది? ఇమామ్ జామిన్! సఫర్‌కు బయలుదేరే బిడ్డ కుడి దండకు గుడ్డలో రూపాయి కట్టి, సలామత్‌గా తిరిగి రావాలని దుఆ చేసి పంపే అమ్మీలను మనందరం చూశాం. కాసులపేరు, అష్రఫీల హారం కూడా అంతే. సిక్కాను ఒంటి మీద వేసుకునే ఆదత్ ఈ గడ్డ మీద ఎంత పాతదో ఆ రోమ్ చిల్లులు చెబుతున్నాయి. మద్రాసు మ్యూజియంలోనో ఏ వేలంపాటలోనో నిగనిగలాడే ట్రాజన్‌ను చూస్తే అది రోమ్ సిక్కా. చిల్లు పడ్డ ట్రాజన్ నెల్లూరు సిక్కా. మీకు తెలుసా, రోమ్ వాళ్ళ 'దెనారియస్' అన్న పేరే అరబ్బు దేశాల్లో దీనార్ అయింది. మన నికానామాల్లో మెహర్ దగ్గర 'దీనారె సుర్ఖ్' అని రాస్తారే, ఆ దీనార్‌కు వంశం అదే.

అంకెల తరాజు

ఈ బహస్‌ను అంకెల్లో పెట్టాలని చూసిన మనిషి అమెరికాకు చెందిన విలియం షెల్డన్. 1949లో ఆయన హాలత్‌కు 1 నుంచి 70 దాకా అంకెలు ఇచ్చాడు. ఒకటి అంటే ఏ సిక్కానో గుర్తుపట్టగలిగినంత మాత్రం మిగిలినది. డెబ్భై అంటే ఏ లోటూ లేనిది. ఆయన ఉద్దేశం ప్రకారం ఒక రకం సిక్కాకు అసలు విలువ ఒక రూపాయి అనుకుంటే, నలభై అంకె ఉన్నదానికి నలభై రూపాయిలు. నాయాబ్‌కు ఇంకో తరాజు తయారుచేశాడు. దానికి ఎనిమిది మెట్లు. దునియాలో 31 నుంచి 75 దాకా తెలిసి ఉంటే ఐదో మెట్టు, 13 నుంచి 30 అయితే ఆరు, 4 నుంచి 12 అయితే ఏడు, అంతకన్నా తక్కువైతే ఎనిమిది.

రెండు తరాజులూ బాగానే ఉన్నాయి. ఆయన వాటిని అమెరికా పాత పెద్ద సెంట్ల కోసం తయారుచేశాడు. ఈనాడు దునియా అంతా ఆ 70 అంకెల లెక్కనే వాడుతోంది. కానీ ఇందులో ఒక ఇబ్రత్ ఉంది. 1977లో షెల్డన్ చనిపోయాక ఒక సంగతి బయటపడింది. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సంగ్రహంలో ఉన్న మంచి సెంట్లను తీసుకుని, వాటి స్థానంలో అదే రకం తక్కువ హాలత్ సెంట్లను పెట్టాడని తేలింది. సిక్కా పోలేదు, రకం పోలేదు, లెక్క సరిపోయింది. పోయింది హాలత్ మాత్రమే. హాలత్‌కు అంకెలు కట్టిన మనిషే హాలత్ ముందు నఫ్స్‌ను ఆపుకోలేకపోయాడు. సిక్కాలు పట్టే వేళ్ళకు ఇల్మ్ ఒక్కటే చాలదు, ఈమాన్ కూడా ఉండాలి.

నేను పాటించే ఉసూల్

ఇంతా విన్నాక "మరి ఏం చేయమంటావు?" అంటారు. నా ఉసూల్ మూడు ముక్కల్లో చెబుతాను.

మళ్ళీ దొరికే సిక్కా అయితే హాలత్ చూడండి. ఆర్కాటు రూపాయి, విక్టోరియా రాణి రూపాయి, నిజాం చార్మినార్ సిక్కా, ఇటువంటివి తొందరపడి అరిగినవి కొనకండి. సబర్ చేస్తే మంచిది దొరుకుతుంది. అరిగినవి పది కొనే పైసలతో మంచిది ఒక్కటి కొనడం మేలు.

మన జిందగీలో మళ్ళీ కళ్ళబడదనుకునే సిక్కా అయితే హాలత్ పక్కన పెట్టండి. ఊరి పేరు, సాల్, బాదుషా పేరు, ఈ మూడింటిలో అది నాయాబ్ కావడానికి కారణమైన ముక్క కనబడుతోందా లేదా, అంతే చూడండి. నాయాబ్ అంటున్న అక్షరమే అరిగిపోయి ఉంటే అది నాయాబ్ అన్న దావా మాత్రమే, నాయాబ్ కాదు.

ఇక ఖాన్‌దాన్ సిక్కా. దానికి ఈ రెండు తరాజులూ వర్తించవు. హుక్కు అతికించిన రూపాయి బజార్లో వెండి ధరకే పోతుంది. కానీ అది మీ నానీమా మెడలోది అయితే, దాని జోడీ దునియాలో ఇంకోటి లేదు. షెల్డన్ ఎనిమిదో మెట్టు అదే. నెల్లూరు రైతు బంగారం ధరకు అమ్మిన ట్రాజన్‌లు గుర్తుంచుకుని, షరాబు దుకాణానికి బయలుదేరే ముందు ఒక్కసారి ఆగండి. అవసరం వచ్చి అమ్ముకోవడంలో గునాహ్ లేదు. ఏం అమ్ముతున్నామో తెలియకుండా అమ్మడమే నుక్సాన్.

మన సముద్రపు గాలి

మైపాడు, కృష్ణపట్నం, తుమ్మలపెంట, రామాయపట్నం, ఈ తీరమంతా ఉప్పు గాలే. ఉప్పులోని క్లోరైడ్ రాగికి దుష్మన్. రాగి సిక్కా మీద గట్టిగా, సమంగా ఉన్న పచ్చ పొర మంచిదే, అది లోపలి లోహాన్ని కాపాడుతుంది. లేత పచ్చ రంగులో పొడిపొడిగా రాలుతుంటే మాత్రం అది బీమారీ. తేమ తగిలే కొద్దీ లోపలికి తినుకుంటూ పోతుంది. అటువంటిదాన్ని మిగతా వాటి నుంచి వేరు చేసి, బొత్తిగా తడి లేని చోట ఉంచాలి. మందుల సీసాల్లో, కొత్త సంచుల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకండి. సిక్కాల డబ్బాలో వేసుకోండి.

ఇంకో మాట. పండగ ముందు ఇత్తడి గిన్నెలు తోమినట్టు సిక్కాలను చింతపండుతో, నిమ్మకాయతో, బూడిదతో తోమకండి. పులుపు ఆ పొరనూ దాని కింది గీతలనూ కలిపి తినేస్తుంది. తర్వాత వచ్చే మెరుపు చర్మం ఒలిచిన మెరుపు. చూసేవాడు ఒక్క నజర్‌లో పసిగట్టి సగం ధర తగ్గిస్తాడు. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో కూడా పెట్టకండి, కొన్నేళ్ళకు అది జిగురు వదిలి సిక్కాకు పచ్చ మరక పట్టిస్తుంది. సిక్కాను అంచుల దగ్గర పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టకండి.

కానూన్, ధోకా

మీ పొలంలోనో, ఇల్లు పునాది తవ్వేటప్పుడో దఫీనా దొరికితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. విలువ పది రూపాయిలు దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది దాకా ఖైదు పడవచ్చు. భయపడాల్సిన పని లేదు. వేరే హక్కుదారు ఎవరూ లేకపోతే, దొరికినవాడికి మూడు వంతులు, భూమి యజమానికి నాలుగో వంతు అని ఆ చట్టమే చెబుతోంది. సర్కారు తీసుకోదలచుకుంటే లోహం విలువకు ఐదో వంతు కలిపి ఇవ్వాలి. వందేళ్ళు దాటిన సిక్కాలు 1972 చట్టం ప్రకారం పురావస్తువులు. వాటిని దేశం దాటించడం నేరం. దుబాయ్, సౌదీ వెళ్ళే మన పిల్లలు తోహ్ఫా అనుకుని పెట్టెలో వేసుకెళ్ళకుండా చెప్పండి.

ఫోన్లలో వచ్చే ధోకా ఇంకోటి. "మీ ఐదు రూపాయల సిక్కాకు లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి" అంటారు. పాత నోట్లు, సిక్కాల పేరుతో ఫీజులు అడిగేవాళ్ళతో తనకు ఏ సంబంధమూ లేదని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. కొనేవాడు అమ్మేవాడి దగ్గర ముందుగా పైసలు అడగడం ఏ బజార్లోనూ లేని దస్తూర్.

ఒక కాగితం ముక్క

నవాబ్ అమీర్-ఉల్-ఉమరా ముప్పై సిక్కాలను కొలిమి నుంచి కాపాడారు. డేవిడ్‌సన్ ఒక ఉత్తరంతో వాటి కహానీని కాపాడారు. ఆ ఉత్తరమే లేకపోతే హేడ్రియన్ ఎంత కొత్తగా ఉన్నా, అది నెల్లూరు మట్టిలోనిదని ఎవరికి తెలిసేది?

అందుకని మీ ఇంటి పోట్లీ విప్పినప్పుడు, నాయాబా కాదా, హాలత్ ఎంత అని తూచే ముందు ఒక పని చేయండి. ప్రతి సిక్కాకూ ఒక కాగితం ముక్క రాయండి. ఎవరిది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది, ఏ షాదీకి ఇచ్చారు, ఏ సఫర్‌కు దండకు కట్టారు. ఇంట్లో బుజుర్గులు ఉండగానే అడిగి రాయండి. ఉర్దూలో రాసినా, తెలుగులో రాసినా సరే. సిక్కా ఎలాగోలా మిగులుతుంది. ఆ మాటలు చెప్పే జబాన్ మాత్రం మనతో ఎన్నాళ్ళుంటుందో అల్లాహ్‌కే తెలుసు.

మీ పోట్లీల్లో ఏ సిక్కాలున్నాయో, వాటి వెనక ఏ కహానీ ఉందో నాకూ రాయండి. ఖుదా హాఫిజ్.